మూల స్తంభానికి అనుమతి

మా స్తంభం సంగతి ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ప్రతి డిసెంబరులోనూ పత్రికలవాళ్లు వస్తారు, టీవీలవాళ్లు వస్తారు. సునామీ రోజున మీరెక్కడున్నారని గుమ్మం గుమ్మానికీ ఆగి అడుగుతారు. ఒక ఏడు మా కొట్టు ముందు కూడా ఆగారు. కెరటం ఎంత ఎత్తున వచ్చిందని అడిగారు. మా వీధి గుట్ట మీద ఉంది, కెరటం ఇక్కడిదాకా రాలేదు, భూకంపానికి మా మూల స్తంభం పగిలింది, దాన్ని బాగుచేసుకునే అనుమతి కోసం నేనెంత తిరిగానో చెబుతాను కూర్చోండి అన్నాను. ఆ విలేకరి కలానికి మూత పెట్టేశాడు. "అంకుల్, నీళ్లొచ్చిన ఇల్లు ఏదైనా ఉంటే చెప్పండి" అన్నాడు. కింది వీధి చూపించాను. వెళ్తున్నానని కూడా అనకుండా వెళ్లిపోయాడు. అతనిది నీలం చొక్కా. మోచేతి దగ్గర సిరా మరక ఉంది.

మా తెలుగువాళ్ల సంఘం జ్ఞాపక సంచిక వేసినప్పుడూ ఇదే వరస. పదహారు పేజీలు రాసి ఇచ్చాను. "మరీ ఆఫీసు గొడవ ఎక్కువైపోయింది బావగారూ, గుండె తడిసే సంగతులు రాయండి" అని రెండు నెలల తర్వాత తిరిగిచ్చారు. మొదటి పేజీ మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. చదవకపోయినా దేనికో ఒకదానికి పనికొచ్చాయని సంతోషించాను. అందుకే ఇప్పుడు నా పుస్తకంలో నేనే రాసుకుంటున్నాను. ఇక్కడ నా పేజీ తిప్పి ఇచ్చేవాడు లేడు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చాడు. మొదట కాంట్రాక్టరు దగ్గర కూలిపని, తర్వాత మేకులు, తాళ్లు, రంగు డబ్బాలు అమ్మే సొంత కొట్టు. అప్పుడది చెక్క ఇల్లు, పైన రేకులు. నాకు పెళ్లి కుదిరిన ఏడు ఆ చెక్కంతా పీకించి సిమెంటు ఇల్లు కట్టించాడు. కింద ముందు భాగం కొట్టు, వెనక ఒక గది, వంటిల్లు. పైన రెండు గదులు. మొత్తం ఎనిమిది స్తంభాలు. మేడ మీద నీళ్ల ట్యాంకు. ఈ ఊళ్లో కుళాయి రోజూ రాదు. ఎవరి ట్యాంకు ఎంత పెద్దదైతే వాళ్ల మాటకు అంత విలువ. మా ట్యాంకు వీధి మొత్తానికి పెద్దది. దాని బరువంతా రోడ్డు వైపు మూల స్తంభం నెత్తిన ఉండేది.

ఇసుక సముద్రపుది. అప్పట్లో అందరిదీ అదే. ఆ ఇసుకను ఒక వానాకాలమంతా ఆరుబయట పోసి వదిలేస్తే వాన దాని ఉప్పు కడిగేస్తుందని, తర్వాతే సిమెంటులో కలపాలని పాత మేస్త్రీలు చెప్పేవారు. కుళాయే రాని ఊళ్లో ఇసుకను కడిగే నీళ్లు ఎవరికున్నాయి? వాన కోసం ఆగాలి. మా నాన్న ఆగలేదు. నా పెళ్లి ముహూర్తం ముందుంది.

సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న నేల కదిలినప్పుడు పైగదిలో ఉన్నాం. నా భార్య చిన్నదాన్ని చంకనేసుకుంది, నేను పెద్దదాని చెయ్యి పట్టుకున్నాను. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకుందామని చెయ్యి చాచాను. గోడ నా చేతికి అందలేదు, పక్కకు జరిగింది, మళ్లీ వచ్చింది. వీధిలో నిలబడి చూస్తే ఇల్లు నిలబడే ఉంది. మా ఎదురింటి పాత చెక్క ఇంటికి ఒక్క పెంకు కూడా కదలలేదు. మా నాన్న ఆ చెక్క ఇంటిని చాలాసేపు చూశాడు. మధ్యాహ్నం కొట్టు తలుపు తీసినప్పుడు కనబడింది. మూల స్తంభం మీద, దూలం కింద, నా వేలు పట్టేంత బీట.

తర్వాతి రోజుల గురించి రాసేవాళ్లు చాలామంది రాశారు. నికోబార్ దీవుల నుంచి మనుషులను ఓడల్లో, విమానాల్లో తెచ్చి బడుల్లో క్యాంపులు పెట్టి ఉంచారు. మా నాన్న తాళ్లు, బకెట్లు, టార్పాలిన్లు పంపాడు. బీట మీద నైలాను తాళ్ల చుట్టలు వేలాడదీశాడు, కొట్టుకు వచ్చేవాళ్లు భయపడకూడదని.

అప్పుడు మా బల్ల మీద రోజూ ఒక మనిషి వచ్చి కూర్చునేవాడు. మా నాన్న ఊరికి పక్క ఊరివాడు. రోడ్ల పని మీద భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని కార్ నికోబార్ వెళ్లాడు. ఒక్కడే తిరిగి వచ్చాడు. క్యాంపులో ఉండలేక పగలంతా మా కొట్లో ఉండేవాడు. టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. పిల్లల పేర్లు కూడా మాకు చెప్పలేదు.

అతను కూర్చుని ఉండగానే ఇళ్ల నష్టం రాసుకునే సర్వే మనిషి అట్ట మీద ఫారాలు పెట్టుకుని వచ్చాడు.

"బోలియే అంకుల్, క్యా క్యా టూటా? గోడా, స్లాబా, పిల్లరా?"

మా నాన్న బల్ల మీది మనిషి వైపు చూశాడు. ఆ మనిషి నేల చూస్తున్నాడు.

"మాకేటీ అవనేదు బాబూ. కుఛ్ నహీ హువా. అలగే రాసుకో."

"అరే అంకుల్, అందరూ ఏదో ఒకటి రాయిస్తున్నారు. చిన్న క్రాక్ ఉన్నా చెప్పండి."

"నేదన్నాను కదా. ఎన్నిసార్లు సెప్పాల?"

సర్వే మనిషి భుజాలెగరేసి 'నష్టం లేదు' అని రాశాడు. మా నాన్న సంతకం పెట్టాడు. సాక్షి గీత దగ్గర నేను పెట్టాను. నా వెనక రెండడుగుల్లో తాళ్ల చుట్టలున్నాయి. వాటిని పక్కకు తప్పిస్తే సరిపోయేది. తప్పించలేదు. ఇతరుల తప్పులు ఇన్ని రాస్తున్నాను గనక ఇదీ రాయాలి.

సాయంత్రం బల్ల మీది మనిషి కూడా వెళ్లాక అడిగాను, ఎందుకలా చెప్పావని.

"ఆడి పెళ్లాం పిల్లలు పోయేరు. ఆడి ముందర నా గోడ పగిలిందని ఏడమంటావేట్రా? సిగ్గుండాల."

మావాళ్లు అంతే. చావు ఇంటికి వెళ్లినప్పుడు మన ఇంట్లో జ్వరమని కూడా చెప్పరు. అది మంచి అలవాటని నేను ఇప్పటికీ అనుకుంటాను. కాని ఆ మర్యాదను ప్రభుత్వ ఫారం మీద చూపించాం.

నేల చాలా నెలలు సరిగా నిలవలేదు. ప్రతి కుదుపుకూ బీట కొంచెం నోరు తెరిచేది. చివరకు తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో వచ్చి పని చేసుకునే ఒక మేస్త్రిని పిలిచాను. మా వైపువాడే. సుత్తి తిరగేసి పక్క స్తంభాన్ని కొట్టాడు, తర్వాత దీన్ని కొట్టాడు.

"విన్నారా బావూ? అది టంగుమంటంది. ఇది బొద్దుమంటంది. కడుపులో ఏటీ నేదు."

పైపెచ్చు కొంచెం రాల్చి చూపించాడు. లోపలి ఇనుప ఊచ ఇసుకలోని ఉప్పుకు తుప్పుపట్టి, ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉబ్బి ఊడిపోతోంది. దూలం కింద ఊతం పెట్టి, స్తంభం చుట్టూ కొత్త ఊచలు కట్టి, కొత్త కాంక్రీటు తొడగాలన్నాడు. మూడు రోజుల పని. కాని అప్పటికి ఇసుక మీద ఆంక్షలు వచ్చాయి. చీటీ లేనిదే తట్టెడు ఇసుక దొరకదు. నిర్మాణంలో మార్పుకు ఆఫీసు అనుమతి లేనిదే చీటీ రాదు.

"వానలు పడకముందే సేయించండి. నీరు తాగితే ఈ స్తంభం ఉండదు. ఇది పోతే కొట్టు ముందుభాగం, పైగది, రెండూ రోడ్డు మీదే."

ట్యాంకు ఆ వారమే దింపించాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వీధిలో మా పరువు దాంతోపాటే దిగింది. పైగది ఖాళీ చేసి అయిదుగురం వెనక గదిలోకి చేరాం. కొట్టు మాత్రం మూయలేం, తిండి అదే. మా నాన్న రోజంతా కూర్చునే చోటు ఆ స్తంభానికి మూరెడు దూరం. పక్కకు జరగమంటే "తాళ్లు కొలిసే గుర్తులు ఇక్కడే ఉన్నాయి" అనేవాడు. నేల మీద ఆయన గీసుకున్న మీటరు గీతలు.

ఇక ఆఫీసు. ఏ ఆఫీసో పేరు రాయను. ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్లకు ఎక్కడైనా అలాంటిదే ఒకటి ఉంటుంది. మా నాన్న పేరున నేను పెట్టిన దరఖాస్తు చూసే గుమాస్తా ఇక్కడే పుట్టిన మన తెలుగువాడే. వాళ్ల తాత, మా నాన్న ఒకే ఓడలో వచ్చారట. అందుకని మొదటిరోజు ధైర్యంగా వెళ్లాను.

"నుక్సాన్ సర్టిఫికెట్ కావాల భయ్యా. సర్వే రిజిస్టర్ తీశాను. మీది 'నో డ్యామేజ్'. అంకుల్ సైన్ ఉంది, మీ సైన్ కూడా ఉంది."

"అది మొహమాటానికి చెప్పిన మాట."

"ఫారంలో మొహమాటం కా కాలమ్ నహీ హై, భయ్యా."

పక్క బల్లలవాళ్లు నవ్వారు. ముగ్గురు. ఒకామె మాత్రం నవ్వలేదు, ఆమె ఫోన్‌లో ఉంది.

"డ్యామేజ్ లేకుండా పిల్లర్ లావు చేస్తే అది రిపేర్ కాదు, కొత్త కట్టడం. ఇంకో ఫ్లోర్ వేస్తారని సాబ్ అనుకుంటారు."

"కొత్త కట్టడమే అనుకోండి. దానికే ఇవ్వండి."

"దానికి పాత బిల్డింగ్ సేఫ్ అని ఇంజనీర్ రాసివ్వాల."

"సేఫ్ కాదనే కదా మీ దగ్గరికి వచ్చాను!"

"హా, అందుకే చెప్తున్నా, రిపేర్‌లో అప్లై చెయ్యండి."

మూడుసార్లు ఈ సంభాషణ జరిగింది. మాటలు కూడా పెద్దగా మారలేదు. నాలుగోసారి మా నాన్న నాతో వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుమాస్తా బల్ల ఎదుట మూడు కుర్చీలున్నాయి. రెండింటి మీద ఫైళ్లు. మూడోదానిలో గుమాస్తాగారి హెల్మెట్ కూర్చుని ఉంది. మా నాన్న నిలబడ్డాడు. డెబ్భై దాటిన మనిషి, గంట పైన నిలబడ్డాడు. ఆ గంటలో హెల్మెట్ ఒక్కసారి కూడా లేవలేదు.

"నాను అబద్దం సెప్పినాను బాబూ" అన్నాడు మా నాన్న. "బీట అప్పుడే ఉంది. సెప్పనేదు. కాగితం మీద రాసిస్తాను."

"అంకుల్, గవర్నమెంట్‌కి ఝూట్ చెప్పానని రాసిస్తే మీ మీదే కేస్ అవుతాది. సోచ్ లో, ఆలోచించుకోండి."

"అవనీ."

జీవితంలో ఎవరికీ దొంగలెక్క చెప్పని మనిషి, తాను అబద్ధం చెప్పానని తెలుగులో, వంకర అక్షరాలతో, సగం పేజీ రాశాడు. తెలుగులో చెల్లదన్నారు. వరండాలో కూర్చుని నేను ఇంగ్లీషులోకి దించాను. ఆయన మళ్లీ సంతకం పెట్టాడు. స్వీకరించినట్టు నా నకలు మీద ముద్ర కొట్టారు. ఆ ముద్ర ఇప్పటికీ నా దగ్గరుంది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "ఆడి తాతా నానూ ఒకే ఓడ అని ఆడికి సెప్పేవా?" అని అడిగాడు. చెప్పానన్నాను. "మరి?" అన్నాడు.

ఆ కాగితం మీద ఇంజనీరు తనిఖీకి వస్తారన్నారు. గురువారం అన్నారు. స్తంభం చుట్టూ సరుకు తీసి, తాళ్ల చుట్టలు దించి, ఊడ్చి, కుర్చీ వేసి ఉంచాం. రాలేదు. తర్వాతి గురువారం రాలేదు. ఆ పై గురువారం జీపు వచ్చి రోడ్డు మీద ఆగింది. అద్దం దిగింది.

"కౌన్ సా పిల్లర్?"

చూపించాను.

"ఠీక్ హై. దేఖ్ లియా."

అద్దం ఎక్కింది. జీపు వెళ్లింది. ఇంజన్ కూడా ఆపలేదు. మా నాన్న అప్పటికే గ్లాసులో టీ పోయించి పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని బల్ల మీద పెట్టాడు, ఎవరూ తాగలేదు.

దేఖ్ లియా. చూశాడట. తనిఖీ నివేదికలో ఏం రాశాడో నాకు చూపించలేదు. అడిగితే ఫైలు పైకి వెళ్లిందన్నారు. పైన అడిగితే కిందికి వచ్చిందన్నారు. ఆ భవనం రెండంతస్తులదే. ఈ రెండింటి మధ్య ఫైలు ఎక్కడ ఉండిపోతుందో నాకు అర్థం కాలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం, చేపల వలకు తాడు కొనడానికి వచ్చిన మనిషికి మా నాన్న గీతల మీద తాడు పరిచి కొలుస్తున్నాడు. నేను లోపల మేకుల డబ్బా వెతుకుతున్నాను. నేల కదిలింది. పెద్ద కుదుపు కాదు. అలమరలో గ్లాసులు చప్పుడు చేశాయి, అంతే. నాకు వినపడింది గ్లాసుల చప్పుడు కాదు, బస్తా పడినట్టు ఒక శబ్దం. స్తంభం తల దగ్గర నుంచి కుండంత కాంక్రీటు పెచ్చు ఊడి, వంగి ఉన్న మా నాన్న నడుం మీద పడింది. ఆ తాడు కొనే మనిషి, నేను కలిసి ఎత్తాం. మా నాన్న చేతిలో తాడు అలాగే ఉంది. "ఎనిమిది మీటర్లయింది" అన్నాడు.

తుంటి విరిగింది. ఆస్పత్రిలో కొన్నాళ్లు, ఇంట్లో వెనక గదిలో కొన్నాళ్లు. మంచం మీద పుండ్లు పడ్డాయి, తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆయన కోపగించుకోలేదు. కోపం నాకొక్కడికే వచ్చింది, ఇప్పటికీ ఉంది. రోజూ పొద్దున్న ఒకే ప్రశ్న అడిగేవాడు.

"పరిమిషనొచ్చిందేట్రా?"

"వస్తుంది నాన్నా."

వానాకాలం వెళ్లకముందే పోయాడు.

కర్మలు అయ్యాక ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా విని, నిజంగానే బాధపడ్డాడు. లేచి నిలబడ్డాడు, హెల్మెట్ తీసి కింద పెట్టాడు, కూర్చోమన్నాడు. ఫైలు తెరిచి నెమ్మదిగా అన్నాడు.

"భయ్యా, బురా మత్ మాన్‌నా, ఏమనుకోకండి. ఓనర్ ఎక్స్‌పైర్ అయితే ఈ అప్లికేషన్ క్లోజ్ అవుతాది. వారసుల సర్టిఫికెట్ పెట్టి, మీ పేరు మీద ఫ్రెష్‌గా..."

నేను లేచి వచ్చేశాను. ఆ కుర్చీలో కూర్చున్నది ఆ ఒక్కసారే.

అదే వారం మేస్త్రిని రమ్మన్నాను. చీటీ లేదు గనక ఇసుక బదులు క్రషర్ దగ్గర రాతిపొడి తెచ్చాం. దూలం కింద ఊతాలు బిగించాం.

"దొంగపని సేస్తన్నట్టుంది బావూ" అన్నాడు మేస్త్రి, రోడ్డు వైపు చూస్తూ.

"దొంగపని కాదు. ఆలస్యంగా చేస్తున్న పని."

మూడు రోజులే పట్టింది. ముందు చెప్పినట్టే. తడిగోనెలు చుట్టి తడుపుతూ ఉన్నాం. గోనెలు ఇంకా ఆరకముందే ఇంజనీరు వచ్చాడు. ఈసారి జీపు దిగాడు. టేపు తెచ్చాడు. వంగాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, నాలుగు వైపులా కొలిచాడు. ఒక్కో వైపు నాలుగంగుళాలు పెరిగిందని, రోడ్డు పక్క మురుగు కాలువ వైపు నాలుగంగుళాలు ఆక్రమణ అని రాసుకున్నాడు. పగిలినప్పుడు కనపడని స్తంభం బాగుపడ్డాక అంగుళాలతో సహా కనపడింది. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు.

నాలుగు రోజులకు నోటీసు వచ్చింది. నేను ఇచ్చిన పదకొండు దరఖాస్తులకు ఒక్క వాక్యం జవాబు రాయని ఆఫీసు నాకు రాసిన మొదటి ఉత్తరం అదే. అనుమతి లేని కట్టడాన్ని తొలగించి భవనాన్ని పూర్వస్థితికి తీసుకురావాలి, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. రెండో రోజే ఇచ్చాను. పూర్వస్థితి అంటే ఏ రోజు స్థితి, మా నాన్న మీద పడక ముందుదా, పడ్డాకదా అని అడిగాను. జవాబు రాలేదు. ఏడాదికి కొత్త అధికారి వచ్చాడు, అదే నోటీసు వచ్చింది, అదే ప్రశ్న పంపాను. అధికారులు మారారు. నోటీసు మారలేదు. మధ్యలో ఒకసారి విచారణకు పిలిచారు. నా ఫైలు దొరకలేదని, నా దగ్గరున్న నకళ్లు ఇచ్చి వెళ్లమని అడిగారు. ఇవ్వలేదు. ఒక్కో కాగితం చేత్తో పట్టుకుని చూపించాను.

"ఒగ్గీయండి" అంటుంది నా భార్య. "ఇల్లు నిలబడింది. పిల్లలు పెరిగేరు. ఆ కాగితాలట్టుకుని ఇంకెన్నాళ్లు?"

ఆమె మాటలో నిజం ఉంది. ఆ తర్వాత కూడా నేల కదిలింది, ఒకసారి గట్టిగానే. మూల స్తంభం మీద వెంట్రుకంత గీత కూడా పడలేదు. మేమూ మళ్లీ పైగదికి ఎక్కాం. ఇప్పుడు ఆ గదిలో మా పెద్దమ్మాయి సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతుంది. వీధి పిల్లలు, తమిళులు, బెంగాలీలు, మనవాళ్లు, ఇరవైమంది దాకా నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు. వాళ్ల చెప్పులు మెట్ల మీద వరసగా ఉంటాయి.

వదిలేసేవాణ్ణే. కాని పోయిన నెల మళ్లీ నోటీసు వచ్చింది, ఇది పాత నోటీసు కాదు. కాలువ వెడల్పు చేస్తున్నారట. మూల స్తంభానికి తొడిగిన అదనపు కాంక్రీటును ఏడు రోజుల్లో నేనే తొలగించాలి, లేకపోతే వాళ్ల మనుషులే వచ్చి కొట్టేస్తారు. మేస్త్రికి కబురు పెట్టాను. ముసలివాడయ్యాడు, అయినా బస్సెక్కి వచ్చాడు. స్తంభాన్ని చేత్తో తడిమి, "తొడుగు తీస్తే లోపల మిగిలింది తుప్పు, బావూ. పైన ఎవుళ్లూ ఉండకూడదు. కిందన కూడా" అన్నాడు.

నోటీసు కింద ఒక గీటు ఉంది. సంతకమట. పేరు లేదు. ఆ గీటు పెట్టినవారిని అడుగుతున్నాను, మీరెవరైనా సరే. ఈసారి గుమాస్తాతో కబురు చెప్పించకండి, ఫైలు పైనుందనకండి, కొత్త దరఖాస్తు పెట్టమనకండి. జీపు దిగి మా కొట్లోకి రండి. మెట్లెక్కి ఆ గది చూడండి, పిల్లలున్న వేళకే రండి. చూశాక కాగితం మీద ఒక మాట రాయండి: ఈ స్తంభం ఉంచాలా, కొట్టేయాలా? ఉంచాలంటే ఇన్నేళ్లుగా అడుగుతున్న అనుమతి ఇవ్వండి. కొట్టేయాలంటే, కొట్టేశాక పైగది నిలబడుతుందని రాసి, దాని కింద మీ పూర్తి పేరు, హోదా, తేదీ వేయండి. గీటు ఒప్పుకోను. మీరు నాకు ఏడు రోజులు గడువిచ్చారు, నేనూ అంతే ఇస్తున్నాను. జవాబు చెప్పండి.